గుర్తింపు ప్రోటీన్ల పరిణామం: సీ అర్చిన్ అండం నుండి తాండూరు కంది పువ్వు వరకు

పరాగరేణువు కీలాగ్రాన్ని చేరినంత మాత్రాన గింజ ఏర్పడదు. పురుష బీజకణం, స్త్రీ బీజకణం ఒకదానినొకటి గుర్తించిన తరువాతనే ఫలదీకరణ జరుగుతుంది. ఈ గుర్తింపునకు కారణమైన ప్రోటీన్లు ఏవి, అవి జాతి జాతికి ఎందుకు మారుతున్నాయి అన్న ప్రశ్నలకు స్పష్టమైన తొలి సమాధానాలలో కొన్ని సముద్రజీవి అయిన సీ అర్చిన్ నుండి లభించాయి. ప్రజననంపై పనిచేసే శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఆ సమాధానాలు ఉపయోగకరమైనవి. తాండూరు కంది విత్తన స్వచ్ఛతను అర్థం చేసుకొనుటకు కూడ అవి తోడ్పడతాయి.

సముద్రజలంలో గుర్తింపు

సీ అర్చిన్‌లు కంటకచర్ముల వర్గానికి చెందిన జీవులు. విశాఖపట్నం రాతి తీరంలోనూ ఇవి కనిపిస్తాయి. ఇవి శుక్రకణాలను, అండాలను నేరుగా సముద్రజలంలోకి విడుదల చేస్తాయి. ఒకే నీటిలో పలు జాతుల బీజకణాలు కలసి తేలుతున్నప్పుడు తమ జాతిని గుర్తించే బాధ్యత పూర్తిగా అణువులపైనే ఉంటుంది. అండం చుట్టూ ఉన్న జిగురు పొర నుండి వెలువడే చిన్న పెప్టైడ్‌లు శుక్రకణాలను ఉత్తేజపరుస్తాయి. ఆ పొరలోని చక్కెర పదార్థాలు శుక్రకణం కొనలోని ఏక్రోసోమును తెరిపిస్తాయి. అప్పుడు బయటపడే ‘బిండిన్’ అనే ప్రోటీను అండపు పైపొరలోని గ్రాహకానికి అంటుకొంటుంది. వాక్వియర్, మోయ్ అనే శాస్త్రవేత్తలు 1977లో బిండిన్‌ను వేరుచేశారు. దానిని బంధించే అండ గ్రాహక ప్రోటీను ‘ఇబిఆర్1’ను కామే, గ్లేబ్ 2003లో వివరించారు.

మార్పు వేగం, దాని కారణాలు

బిండిన్ మధ్యభాగం వేర్వేరు జాతులలో దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. దానికి ఇరువైపుల ఉన్న భాగాలు మాత్రం త్వరితంగా మారుతాయి. ఎకైనోమెట్రా ప్రజాతిలో ఈ భాగాలపై ప్రకృతివరణం మార్పును ప్రోత్సహిస్తున్నదని మెట్జ్, పలుంబీ 1996లో చూపారు. అయితే ఆర్బేసియా, ట్రిప్‌న్యూస్టిస్ ప్రజాతులలో ఇటువంటి వేగం కనిపించలేదు. కనుక గుర్తింపు ప్రోటీన్లన్నీ అన్ని చోట్ల వేగంగా మారుతాయని భావించడం సరికాదు.

ఈ భేదానికి రెండు వివరణలు ఉన్నాయి. దగ్గరి జాతులు ఒకే చోట నివసించేటప్పుడు తప్పుడు సంకరణం వలన బీజకణాలు వ్యర్థమవుతాయి; దానిని నివారించే మార్పులు నిలుస్తాయి. రెండవది ఒకే జాతిలోని స్త్రీ, పురుష ప్రయోజనాల ఘర్షణ. ఒక అండంలోకి ఒకటి కంటే ఎక్కువ శుక్రకణాలు ప్రవేశిస్తే పిండం నశిస్తుంది. శుక్రకణాలు పలుచగా ఉన్న నీటిలో సులువుగా కలిసే అండానికి మేలు. దట్టంగా ఉన్న నీటిలో కొంత నిదానంగా కలిసే అండానికి మేలు. లెవిటన్, ఫెరెల్ 2006లో ప్రచురించిన పరిశోధనలో ఎర్ర సీ అర్చిన్‌లో ఏ రకం ప్రోటీను నెగ్గుతుందో సాంద్రతను బట్టి మారుతుందని తేలింది. అనగా ఒక అణువు మంచిదా, కాదా అన్నది పరిసరాలపై ఆధారపడి ఉంటుంది.

మొక్కలలో ఇదే సమస్య

పుష్పించే మొక్కలలో శుక్రకణం ఈదదు. పరాగనాళం దానిని అండానికి చేరుస్తుంది. అండానికి ప్రక్కనున్న సహాయకణాలు విడుదల చేసే ‘లూర్’ పెప్టైడ్‌లు పరాగనాళాన్ని ఆకర్షిస్తాయని హిగాషియామా బృందం టొరేనియా మొక్కలో 2009లో కనుగొన్నది. ఈ పెప్టైడ్‌లు కూడ దగ్గరి జాతుల మధ్య భేదాలు చూపుతాయి. ఇందుకు భిన్నంగా, కణాల విలీనానికి తోడ్పడే ‘హాప్2’ ప్రోటీను లిల్లీ పుప్పొడిలోనూ, శైవలాలలోనూ, మలేరియా పరాన్నజీవిలోనూ కనిపిస్తుంది. విలీనం చేసే యంత్రాంగం ప్రాచీనమైనది. ఎవరితో కలవాలో నిర్ణయించే భాగం త్వరగా మారేది.

కందిలో ఆటంకం ఎక్కడ?

కందికి అడవి బంధువులు అనేకం. వాటిలో కజానస్ కజానిఫోలియస్ అత్యంత సమీపమైనది. కందితో సులువుగా సంకరణం చెందుతుంది. దాని కణద్రవ్యం ఆధారంగా రూపొందిన ‘ఎ4’ పురుష వంధ్యత్వ వ్యవస్థ 2005లో వెల్లడైంది. ఈ వ్యవస్థతో ఇక్రిశాట్ రూపొందించిన ఐసిపిహెచ్ 2740 సంకరం తెలంగాణలో ‘మన్నెంకొండ కంది’గా 2015లో విడుదలైంది.

కజానస్ ప్లాటీకార్పస్ విషయం వేరు. ఫైటాఫ్తొరా ఎండు తెగులును తట్టుకొనే గుణాల కొరకు దానిపై ఆసక్తి ఉన్నది. కందితో సంకరించినప్పుడు ఫలదీకరణ జరిగినా సంకర పిండం నశిస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పిండాన్ని కాపాడి కృత్రిమ మాధ్యమంలో పెంచి ఈ అవరోధాన్ని అధిగమించారు. ఇక్కడ విఫలమైనది గుర్తింపు కాదు, గుర్తింపు తరువాతి దశ. సంకరణం విఫలమైనప్పుడు పరాగనాళం ఆగినదా, పిండం కుళ్లినదా అని ముందుగా సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి. ఆటంకం ఉన్న దశ తెలియకుండా పరిష్కారం వెదకడం శ్రమను వ్యర్థం చేస్తుంది.

తాండూరు క్షేత్రాలకు వర్తింపు

వికారాబాద్ జిల్లాలోని తాండూరు ప్రాంతపు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. నల్లరేగడి నేల, రుచి, ఉడికే గుణం ఈ పేరుకు ఆధారం. ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని తాండూరు పరిశోధన స్థానం ఈ పంటపై పనిచేస్తున్నది.

ఒక జాతిలోని రకాల మధ్య గుర్తింపు ప్రోటీన్లు అడ్డుగోడగా నిలువవు. కంది పువ్వు విచ్చుకొనక ముందే పరాగకోశాలు పగిలి స్వపరాగ సంపర్కం జరుగుతుంది. అయినా తేనెటీగలు తెచ్చే పుప్పొడి వలన పరపరాగ సంపర్కమూ జరుగుతుంది. ప్రాంతాన్ని, కీటకాల సంఖ్యను బట్టి ఇది 70 శాతం వరకు ఉండవచ్చునని నివేదికలు ఉన్నాయి. ఎండు తెగులును తట్టుకొనే రకం ప్రక్కనే తట్టుకోని రకం సాగైతే, సొంత విత్తనం దాచుకొనే రైతు కొన్ని సంవత్సరాలలోనే ఆ నిరోధకతలో కొంత భాగాన్ని కోల్పోవచ్చు. ఆ నష్టం విత్తే రోజున కనిపించదు. మొక్కలు ఎండినప్పుడే తెలుస్తుంది.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు మూడు విషయాలు వివరించవలసి ఉన్నది. ధ్రువీకరణ విత్తన క్షేత్రానికి ఇతర రకాల నుండి కనీసం 100 మీటర్ల దూరం పాటించాలి. మూల విత్తనానికి మరింత దూరం అవసరం. పూతకు ముందే కేళీలను ఏరివేయాలి. సొంత విత్తనాన్ని చేను అంచుల నుండి కాక నడిమి భాగంలోని ఆరోగ్యమైన మొక్కల నుండి సేకరించాలి. సంకర విత్తనోత్పత్తిలో మాత్రం తేనెటీగలే పుప్పొడిని మోసుకొని వస్తాయి కనుక పూత సమయంలో పురుగుమందు తప్పనిసరైతే, అవి తిరగని సాయంకాలం పిచికారీ చేయాలి.

స్వచ్ఛమైన రకానికి తేనెటీగ బెడద, సంకర విత్తనానికి అదే ఆధారం. సీ అర్చిన్ అండానికి నీటిలోని శుక్రకణాల సాంద్రత ఎట్లో, కంది విత్తన క్షేత్రానికి పుప్పొడి రాక అట్లే. ఎక్కడ దానిని ఆపాలో, ఎక్కడ ఆహ్వానించాలో నిర్ణయించిన తరువాతనే విత్తన క్షేత్రానికి స్థలం ఎంపిక చేయాలి.