ఎల్ బోర్డు నుంచి పూర్తి లైసెన్స్ దాకా: కొత్త రైడర్లకు చట్టం పెట్టిన హద్దులు

మోటారు సైకిల్ కొత్తగా నేర్చుకునేవారికి చాలా దేశాలు కొంతకాలం కొన్ని హద్దులు పెడతాయి. ఏ వయసుకు బండి ఎక్కవచ్చు, ఎంత శక్తి ఉన్న బండి నడపవచ్చు, వెనక ఎవరిని ఎక్కించుకోవచ్చు, ఎంత వేగం దాటకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. మన దేశంలో వీటికి ఆధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, దాని కింద వచ్చిన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రవాణా శాఖ లెర్నర్స్ లైసెన్స్ ఇచ్చేది వీటి ప్రకారమే. జనం వాడుకలో దీని పేరు ఎల్‌ఎల్‌ఆర్.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికి రాగానే బండి నడిపే హక్కు పూర్తిగా వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. చట్టం ఇచ్చేది షరతులతో కూడిన అనుమతి మాత్రమే. ఆ షరతులు తెలియని కుటుంబాలు జరిమానాల్లో, కేసుల్లో, బీమా తగాదాల్లో ఇరుక్కుంటాయి. అంతకన్నా పెద్ద నష్టం ప్రాణాలది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

వయసు: పదహారా, పద్దెనిమిదా?

చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం బహిరంగ రోడ్డు మీద మోటారు వాహనం నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇంజన్ సామర్థ్యం 50 సీసీ మించని మోటారు సైకిల్‌ను 16 ఏళ్లు నిండినవారు లైసెన్స్ తీసుకుని నడపవచ్చు. 18 నిండనివారు గేర్ లేని బండికి ఎల్‌ఎల్‌ఆర్ అడిగితే, తల్లిదండ్రులో సంరక్షకులో రాతపూర్వకంగా సమ్మతి తెలపాలి.

ఈ మినహాయింపు చుట్టూనే పెద్ద అపోహ అల్లుకుంది. గేర్లు లేని స్కూటర్ ఏదైనా సరే పదహారేళ్లకే నడపవచ్చని ఇళ్లలో అనుకుంటారు. కానీ మన వీధుల్లో కనిపించే పెట్రోలు స్కూటర్లలో 50 సీసీవి లేవనే చెప్పాలి. యాక్టివా ఇంజన్ 110 సీసీకి దగ్గర. పల్లెల్లో పాల క్యాన్లు మోసే టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 కూడా పేరుకు తగ్గట్టే వంద సీసీ బండి. ఇవన్నీ 18 ఏళ్లు నిండాక నడపాల్సినవే. ఇంటర్ చదివే పిల్లల చేతికి కాలేజీకని స్కూటీ తాళం ఇచ్చే చాలా ఇళ్లు చట్టం గీత దాటుతున్నట్టే.

ఎలక్ట్రిక్ బండ్ల విషయంలోనూ తేడా తెలుసుకోవాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన చిన్న బండ్లను చట్టం మోటారు వాహనాలుగా లెక్కించదు. వాటికి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. అంతకు మించిన ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పెట్రోలు బండికి లాగే నంబరు ప్లేటూ కావాలి, నడిపేవారికి లైసెన్సూ కావాలి.

మైనర్లు బండి నడిపితే శిక్ష ఎవరికి అన్నది 2019 సవరణ తేల్చి చెప్పింది. కొత్తగా చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అవుతారు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్‌కు అర్హత ఉండదు. తమకు తెలియకుండా జరిగిందని, లేదా జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నామని పెద్దలు నిరూపించుకోగలిగితే శిక్ష నుంచి బయటపడవచ్చు. అయితే నిరూపించుకునే భారం వారి మీదే ఉంటుంది.

ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నంతకాలం

ఎల్‌ఎల్‌ఆర్ కోసం ముందు కంప్యూటర్ మీద పరీక్ష రాయాలి. ట్రాఫిక్ గుర్తులు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయాల్సిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పటి జాగ్రత్తలు, బండిలో ఉండాల్సిన కాగితాలు ఇందులో వస్తాయి. 60 శాతం జవాబులు సరిగ్గా ఉంటే పాసైనట్టు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, దేశమంతటా పనికొస్తుంది.

కేంద్ర నియమాల్లోని 3వ నియమం నేర్చుకునేవారికి మూడు షరతులు పెట్టింది. మొదటిది, ఆ తరగతి వాహనానికి చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ ఉండాలి. రెండోది, పూర్తి లైసెన్స్ ఉన్న శిక్షకుడు బండిని అదుపు చేయగలిగేలా, ఆపగలిగేలా పక్కన ఉండాలి. మూడోది, బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. ఈ బోర్డుకు కొలతలు కూడా నియమంలోనే ఉన్నాయి. 18 సెంటీమీటర్ల చదరపు తెల్లటి పలక మీద ఎర్ర రంగుతో ఎల్ అక్షరం రాయాలి. అక్షరం ఎత్తు కనీసం 10, గీత మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లు ఉండాలి. నంబరు ప్లేటు మూలన స్కెచ్ పెన్నుతో గీసిన చిన్న ఎల్ ఈ నియమాన్ని తీర్చదు. వెనక వచ్చే లారీ డ్రైవరుకు, ఎదురొచ్చే బస్సు డ్రైవరుకు దూరం నుంచే కనిపిస్తేనే ఆ బోర్డుకు ప్రయోజనం.

ద్విచక్ర వాహనం నేర్చుకునేవారికి అదే నియమంలో ఇంకో మాట ఉంది. శిక్షణ ఇచ్చే లైసెన్స్‌దారును తప్ప మరెవరినీ బండి మీద ఎక్కించుకోకూడదు. అంటే ఎల్‌ఎల్‌ఆర్ మీద స్నేహితుణ్ని ఎక్కించుకుని సినిమాకు వెళ్లడం, చెల్లెల్ని ట్యూషన్‌లో దింపడం, అమ్మను గుడికి తీసుకెళ్లడం నియమానికి విరుద్ధమే.

దీనికీ బీమాకూ సంబంధం ఉంది. మోటారు బీమా పాలసీలో డ్రైవరు గురించిన నిబంధన, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు కూడా నడపవచ్చని ఒప్పుకుంటూనే, 3వ నియమం పాటించి ఉండాలని షరతు పెడుతుంది. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఎల్‌ఎల్‌ఆర్‌ను కూడా చెల్లుబాటయ్యే లైసెన్స్‌గానే చూడాలని చెప్పింది. ఎదుటివారికి పరిహారం చెల్లించే బాధ్యత నుంచి కంపెనీలు ఈ కారణం చూపి తప్పించుకోలేవు. కానీ షరతులు ఉల్లంఘించినట్టు తేలితే ఆ సొమ్మును యజమాని నుంచి తిరిగి రాబట్టుకునే దారి కంపెనీకి ఉంటుంది. సొంత బండి నష్టానికి క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదమూ ఉంటుంది.

ఎనిమిది ట్రాక్

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు గడిచాకే పూర్తి లైసెన్స్ పరీక్షకు హాజరు కావాలి. ఆర్టీఏ మైదానంలో ద్విచక్ర వాహనాల పరీక్ష అనగానే గుర్తొచ్చేది ఎనిమిది అంకె ఆకారంలోని ట్రాక్. కాలు నేల మీద పెట్టకుండా, గీత దాటకుండా దాని చుట్టూ తిరగాలి. నెమ్మదిగా వెళ్తూ బండిని నిలబెట్టుకోవడం, క్లచ్, యాక్సిలరేటర్ కలిపి వాడడం, మలుపు వైపు తల తిప్పి చూడడం ఇందులో తెలిసిపోతాయి. తప్పితే ఏడు రోజుల తరువాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పినవారు మాత్రం 60 రోజులు ఆగాల్సిందే.

పరీక్షకు ఏ బండి తెస్తారన్నదీ ముఖ్యమే. స్కూటర్ మీద పాసైనవారికి గేర్ లేని మోటారు సైకిల్ తరగతి లైసెన్స్ వస్తుంది. ఆ లైసెన్స్‌తో గేర్ల బండి నడపకూడదు. నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. అందుకు చట్టంలో 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి. తెలిసి బండి ఇచ్చిన యజమానికీ అదే స్థాయి శిక్ష ఉంది.

గేర్ల బండి మీద పాసైతే మరో మెట్టు లేదు. వంద సీసీ బండి మీద పరీక్ష ఇచ్చిన యువకుడు మర్నాడే వెయ్యి సీసీ బండి కొనుక్కుని రోడ్డెక్కవచ్చు. చట్టం దృష్టిలో రెండూ ఒకే తరగతి. కొత్తవారికని విడిగా వేగ పరిమితి లేదు. మద్యం విషయంలోనూ అందరికీ ఒకే లెక్క, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. పూర్తి లైసెన్స్ వచ్చిన రోజు నుంచే వెనక మనిషిని ఎక్కించుకోవచ్చు.

హద్దుల వెనక కారణాలు

ఎనిమిది ట్రాక్ మీద బండి వేగం నడకకు కొంచెం ఎక్కువ. రోడ్డు మీద ప్రాణం నిలిపేది అంతకు చాలా ఎక్కువ వేగంలో బ్రేకు వేసే నేర్పు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చిన ఆటోను చూసి బ్రేకు అందుకోవడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద ఆగేసరికి దాదాపు 21 మీటర్లు దాటిపోతుంది. 60 కిలోమీటర్ల వేగమైతే అది దాదాపు 40 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం ఇంచుమించు రెట్టింపు. ముందు బ్రేకు పడితే తిరగబడతామన్న భయంతో కొత్తవారు చాలామంది వెనక బ్రేకే తొక్కుతారు. అప్పుడు దూరం ఇంకా పెరుగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి అయినా, చిన్న బండ్లలో ఎక్కువభాగం రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్‌తోనే వచ్చాయి.

వెనక మనిషి కూర్చుంటే లెక్క మళ్లీ మారుతుంది. వంద సీసీ బండి బరువు 110 కిలోల దగ్గర ఉంటుంది. 60 కిలోల మనిషి ఎక్కితే బండి బరువులో సగానికి పైగా అదనంగా, అదీ ఎత్తులో, వెనక చక్రం వైపు చేరినట్టు. ముందు చక్రం మీద భారం తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది, మలుపులో వెనకవారు కదిలితే బండి కూడా కదులుతుంది. ఇంకా క్లచ్ మీదే ధ్యాస పోని రైడరుకు ఇది మోయలేని పని. నేర్చుకునేవారు వెనక మనిషిని ఎక్కించుకోకూడదన్న నియమం ఇందుకే వచ్చింది.

మెట్టు మెట్టుగా లైసెన్స్

కొన్ని దేశాలు పరీక్ష పాసైన తరువాత కూడా కొత్తవారిని కొన్నేళ్లు చిన్న బండ్లకే పరిమితం చేస్తాయి. బ్రిటన్ 1961లో నేర్చుకునేవారికి 250 సీసీ హద్దు పెట్టి, 1983లో దాన్ని 125కు తగ్గించింది. 1990 నుంచి అక్కడ సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ తప్పనిసరి. అది పూర్తి చేసిన 17 ఏళ్లవారు ఎల్ బోర్డుతో 125 సీసీ, 11 కిలోవాట్ల లోపు బండి నడపవచ్చు. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. ఆ పై మెట్టు ఏ2. 19 ఏళ్లు నిండాక పరీక్ష పాసై 35 కిలోవాట్ల దాకా వెళ్లవచ్చు. హద్దు లేని ‘ఏ’ తరగతికి నేరుగా వెళ్లాలంటే 24 ఏళ్లు నిండాలి, ఏ2లో రెండేళ్లు నడిపినవారికైతే 21 చాలు. మొదటి పరీక్ష పాసైన రెండేళ్లలోపు ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ రద్దయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకు వేసింది. కేవలం సీసీ చూస్తే సరిపోదని అక్కడ గుర్తించారు. ఒకే 250 సీసీలో నెమ్మదైన బండీ ఉంటుంది, రేసు బండీ ఉంటుంది. అందుకే ల్యామ్స్ పద్ధతిలో ఇంజన్ 660 సీసీ మించకూడదు, టన్నుకు 150 కిలోవాట్ల శక్తి దాటకూడదు. ఈ లెక్కలో బండి బరువుకు రైడర్ కోసం 90 కిలోలు కలుపుతారు. ఉదాహరణకు బండి 180 కిలోలైతే మొత్తం 270 కిలోలు. దానికి గరిష్ఠంగా 40.5 కిలోవాట్ల శక్తి ఉండవచ్చు. చెన్నై దగ్గర తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఈ హద్దులో ఇముడుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో నేర్చుకునేవారు, మొదటి మెట్టు తాత్కాలిక లైసెన్స్ ఉన్నవారు గంటకు 90 కిలోమీటర్లు మించకూడదు. వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. రక్తంలో మద్యం చుక్క కూడా ఉండకూడదు.

జపాన్‌లో లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది వెనక మనిషిని ఎక్కించుకోవడం నిషేధం. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఇద్దరు వెళ్లాలంటే నడిపేవారికి 20 ఏళ్లు నిండి, లైసెన్స్ వచ్చి మూడేళ్లు కావాలి.

బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. భారత లైసెన్స్‌ను అక్కడి లైసెన్స్‌గా నేరుగా మార్చుకునే వీలు లేదు. నివాసం మొదలై 12 నెలలు దాటాక నడపాలంటే అక్కడి పరీక్షలు పాస్ కావాల్సిందే.

చట్టం ఆగిన చోట

మన చట్టం మొదటి మెట్టును బాగానే కట్టింది. ఎల్ బోర్డు, శిక్షకుడు, వెనక మనిషి నిషేధం, 30 రోజుల గడువు సరైన హద్దులే. ఆ తరువాతి మెట్లు లేకపోవడమే లోటు. పూర్తి లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది రెండేళ్లు శక్తికి, వెనక సీటుకు, మద్యానికి కొత్తవారికంటూ విడి హద్దులు ఉండాలి. ఆ సవరణ వచ్చేదాకా ఆ పని కుటుంబాలే చేయాలి.

దీనికి ఖర్చు పెద్దగా అవసరం లేదు. మొదటి బండి 125 సీసీ లోపు కొనాలి. లైసెన్స్ వచ్చిన ఆరు నెలలైనా వెనక సీటు ఖాళీగా ఉంచాలి. రాత్రి ప్రయాణం, జాతీయ రహదారి, వాన రోడ్డు ఒక్కొక్కటిగా, అనుభవం ఉన్న పెద్దలు వెంట ఉండగా అలవాటు చేయాలి. ఖాళీ మైదానంలో రెండు బ్రేకులూ కలిపి వేసి ఆపడం చేయి తిరిగేదాకా సాధన చేయించాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్, పట్టీ బిగించి, మొదటి రోజు నుంచే తప్పనిసరి చేయాలి. 2022లో హెల్మెట్ లేక దేశంలో 50,029 మంది చనిపోయారు. పదహారేళ్ల పిల్లవాడు ఎంత బతిమాలినా యాక్టివా తాళం ఇవ్వకండి. లైసెన్స్ వచ్చిన పిల్లలకు బండి ఇచ్చినా, పెద్ద బండికి మాత్రం ఇంకో రెండేళ్లు ఆగమని చెప్పండి.