170 డాలర్లు, రెండు స్కీలు, ఒక లడ్డూ!

మిన్నియాపోలిస్‌లో జనవరి అంటే సాయంత్రం అయిదుకే చీకటి. మైనస్ 15 డిగ్రీల చలి మామూలే. అలాంటి చోట, క్షణం కుదురుగా ఉండని రెండేళ్ల కుక్కని సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో పెడితే ఏమవుతుంది? మా లడ్డూ సోఫా చింపేసింది. నేను ఆఫీసుకెళితే అరుపులతో ఫ్లోరంతా హోరెత్తించింది. పక్కవాళ్ల ఫిర్యాదులు రెండయ్యాయి. మూడోది వస్తే కుక్కని ఇంకెక్కడైనా పెట్టుకోమని మేనేజర్ మెయిల్ పెట్టాడు. షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క అది. మళ్లీ అక్కడికే పంపడానికి మనసొప్పుతుందా?

వాకింగ్‌తో దాని శక్తి తరగట్లేదు. దాన్ని నిజంగా అలసిపోయేలా చేసింది స్కీజోరింగ్.

ఏంటీ ఆట?

చేతికర్రలతో నెట్టుకుంటూ, సన్నటి పొడవాటి స్కీల మీద మంచులో సాగిపోవడం క్రాస్ కంట్రీ స్కీయింగ్. మన నడుముకి బెల్టు పెట్టుకుని, దానికి తాడుతో కుక్కని ముందు కడితే స్కీజోరింగ్. పేరు నార్వే వాళ్లది. 1928లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ వింటర్ ఒలింపిక్స్‌లో గుర్రాలతో దీన్ని ప్రదర్శన క్రీడగా ఆడారు. మా ఊళ్లో జరిగే లాపెట్ స్కీ పండగలో అయితే కుక్కలతోనే పోటీలు పెడతారు.

దీనికి హస్కీయే ఉండాలని రూలేం లేదు. సుమారు 16 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉండి, పరుగంటే ఇష్టపడే కుక్క చాలు. లడ్డూ ఏ జాతో మాకే తెలీదు, 24 కిలోలుంటుంది. ఎముకలు పూర్తిగా ఎదగని పిల్లలతో మాత్రం లాగించకూడదు. ముందు పశువుల డాక్టర్‌ని అడగడం మంచిది.

జేబుకి చిల్లు పడకుండా

నేను స్కీలు, బూట్లు, కర్రలు సెకండ్ హ్యాండ్‌లో 70 డాలర్లకి కొన్నా. బూటు స్కీకి సరిగ్గా బిగుస్తోందో లేదో షాపులోనే చూసుకోండి. అంచులకి లోహం ఉన్న స్కీలు వద్దు, పడితే కుక్క కాళ్లు తెగుతాయి. కాళ్ల పట్టీలున్న బెల్టు 35, సాగే తాడు 25. తాడు ఎనిమిది నుంచి పదడుగులు ఉంటే స్కీ కొనలు కుక్కకి తగలవు.

కుక్క హార్నెస్ మాత్రం కొత్తదే, 40 డాలర్లు పెట్టా. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మెడపట్టీకి తాడు కడితే గొంతు నొక్కుకుపోతుంది. బరువు ఛాతీ మీద పడేలా, లాగడానికే కుట్టిన హార్నెస్ కావాలి.

తాతయ్య ట్రైనింగ్

వీడియో కాల్‌లో హార్నెస్ చూపిస్తే తాతయ్య ఒకటే నవ్వు. తర్వాత సీరియస్‌గా, “కొత్త కోడెకి మొదటిరోజే బరువు కట్టకూడదురా. ముందు ఖాళీ కాడితో నడిపించాలి” అన్నాడు. ఒంగోలు పక్కన నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి మాట!

అలాగే చేశా. వారంపాటు ఉత్త హార్నెస్‌తో నడక. తర్వాత వెనక చిన్న కట్టె కట్టి లాగించడం. లాగిన ప్రతిసారీ చికెన్ ముక్క. ఇక్కడివాళ్లు కుడికి ‘జీ’, ఎడమకి ‘హా’ అంటారు. మాకు ‘కుడి’, ‘ఎడమ’, ‘పద’, ‘ఆగు’ చాలు. ఈలోపు నేను కుక్క లేకుండా స్కీయింగ్ నేర్చుకున్నా. ఆగడం రానివాడు కుక్కని కట్టుకోకూడదు కదా!

మంచులోకి దిగాక

మామూలు స్కీ ట్రయిల్స్ చాలావాటిలో కుక్కల్ని రానివ్వరు. అనుమతి ఉన్న దారులు, కావాల్సిన పాస్‌లు ముందే చూసుకోండి. గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్లాలంటే, కొత్త గట్టి మంచు కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే నడవమని మిన్నెసోటా సహజ వనరుల శాఖ చెబుతుంది. అంతకంటే పలచగా ఉంటే అడుగు పెట్టొద్దు.

కుక్క వేళ్ల మధ్య మంచు ముద్దకడుతుంది, ఆగి తీసేయాలి. పాదాలకి మైనం రాస్తే మేలు. మంచు తింటుందిలే అనుకోకుండా గోరువెచ్చని నీళ్లు తీసుకెళ్లాలి.

మొదటిరోజు మేం వెళ్లింది అరకిలోమీటరే. ఇప్పుడు నాలుగు కిలోమీటర్లు. ఒక్కోరోజు లడ్డూ మధ్యలో కూర్చుండిపోతుంది. ఇక ఆరోజుకి అంతే, తాడు విప్పేసి ఇద్దరం నడిచి వచ్చేస్తాం. తోస్తే, తిడితే మర్నాడు హార్నెస్ చూడగానే మంచం కింద దూరుతుంది. ఇప్పుడైతే హార్నెస్ తీస్తే చాలు, తలుపు దగ్గర గంతులేస్తోంది. మూడో ఫిర్యాదు రాలేదు.

మంచు కురిసే చోట ఉండి, ఇంట్లో ఇలాంటి అల్లరి కుక్క ఉంటే, ముందే స్కీలు కొనకండి. అక్టోబర్‌లో హార్నెస్ ఒక్కటి కొని పార్కులో లాగించి చూడండి. దానికి నచ్చిందా, స్కీల బేరం అప్పుడు మొదలుపెట్టండి. నచ్చకపోతే మీకు పోయేది 40 డాలర్లే.