గుండె కణాల మధ్య తలుపులు

గుండె కండరం మొత్తం ఒక్కసారిగా ముడుచుకుంటుంది. అందుకే అది లోపల ఎల్లలు లేని ఒకే జీవపదార్థమని శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మారు. గుండెలో విద్యుత్తును మోసే పుర్కింజీ తంతువుల్లో అది ఒక కణం పొడవును దాటి ముందుకు సాగుతోందని 1952లో సిల్వియో వైడ్‌మన్ కొలిచి చూపడంతో ఆ నమ్మకానికి ఊతం దొరికినట్టే అయింది. కానీ రెండేళ్లకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ప్రతి కణానికీ సొంత పొర ఉందని తేల్చింది. కొవ్వుతో కూడిన ఆ పొర అయాన్లను దాటనివ్వదు. మరి విద్యుత్తు ఎటునుంచి పోతున్నట్టు? 1967లో రెవెల్, కర్నోవ్‌స్కీ ఎలుక గుండెలోనూ కాలేయంలోనూ ఆ చోటును స్పష్టంగా చూపారు. పక్కపక్క కణాల పొరలు రెండు మూడు నానోమీటర్ల దగ్గరికి వచ్చిన చోట సన్నని సొరంగాలు షడ్భుజాకారంలో బారులు తీరి ఉన్నాయి. ఇవే గ్యాప్ జంక్షన్లు. ఆరు కనెక్సిన్ ప్రొటీన్లు వలయంగా కూడితే సగం సొరంగం తయారవుతుంది, మిగతా సగం పక్క కణం కడుతుంది. అయాన్లు, గ్లూకోజు, సైక్లిక్ ఏఎంపీ వంటి చిన్న అణువులు ఇందులోంచి దూరిపోతాయి. అణుభారం సుమారు వెయ్యి డాల్టన్లు మించినవి ఆగిపోతాయి కనుక ఏ కణం ప్రొటీన్లు ఆ కణానికే మిగులుతాయి.

విద్యుత్తు ఈ సొరంగాల్లోంచే సాగుతుందన్న మాటకు బలమైన అభ్యంతరం ఒకటుంది. గుండె కణాల్లో కనెక్సిన్ 43 అనే రకం తయారు కాకుండా చేసిన ఎలుకలు పుట్టాయి, వాటి గుండెలు కొట్టుకున్నాయి. కణాల మధ్య ఇరుకైన సందులో ఏర్పడే విద్యుత్ క్షేత్రమే పక్క కణాన్ని ప్రేరేపిస్తుందని కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. అయితే 2001లో వెలువడిన ఆ ప్రయోగంలోనే ప్రేరణ వేగం బాగా పడిపోయింది, ఎలుకలన్నీ సుమారు రెండు నెలల వయసుకల్లా లయ తప్పి హఠాత్తుగా చనిపోయాయి. చాలా సొరంగాలు లేకున్నా ప్రేరణ ఎలాగో పాకుతుంది, కానీ క్రమం నిలవదు.

అలాంటప్పుడు ఎముకల కండరాల తంతువుల్లాగా గుండె కణాలూ కలిసిపోతే సరిపోయేది కదా? సరిపోదు. కణం గాయపడి కాల్షియం లోపలికి ముంచెత్తితే ఈ సొరంగాలు మూసుకుంటాయి, చావు పొరుగుకు పాకడం తగ్గుతుంది. గ్యాప్ జంక్షన్ల అసలు గొప్పతనం ఈ మూసుకోగలగడంలోనే ఉందని నా అభిప్రాయం. ఇవి శాశ్వత కట్టడాలు కూడా కావు. కనెక్సిన్ 43 కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది, కణం దాన్ని మళ్లీ మళ్లీ కట్టుకుంటూనే ఉంటుంది. గుండెపోటు తర్వాత గాయం అంచున బతికిన కణాల్లో, చివర్లలో ఉండాల్సిన ఈ సొరంగాలు పక్క అంచులకు చెదిరిపోతాయి, లయ తప్పే ముప్పు పెరుగుతుంది. కాబట్టి వాటిని తెరిచి ఉంచే మందు ఒక్కటే చాలదు. కొత్తగా తయారయ్యే కనెక్సిన్‌ను సరైన చోటికి చేర్చే మార్గం కూడా వెతకాలి.