మలుపులో నీటి తోపుడు

1931లో పూర్తయిన నిజాంసాగరు నుండి బాన్సువాడ వైపు సాగు కాలువ వంపు తిరిగినచో నీరు వెలుపలి గట్టును ఒరయును. మూసిన గొట్టములో సంగతి వేరు.

మీటరు వ్యాసముగల గొట్టము లంబముగా మలుపు తిరిగినదనుకొందము. నీటి వేగము సెకనుకు 2 మీటర్లు; పీడనము చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాములు. సెకనుకు పోవు 1,570 కిలోగ్రాముల నీటి వేగమువలన ఒక్కొక్క భుజము దిశలో కలుగు బలము 320 కిలోగ్రాములే. గొట్టపు అడ్డుకోత వైశాల్యము 7,854 చదరపు సెంటీమీటర్లు గనుక, పీడనమువలన కలుగునది 39 టన్నులు! ఈ రెండు భుజముల బలములు కలిసి మలుపును దాదాపు 56 టన్నులతో వెలుపలికి నెట్టును.

చిత్రమేమనగా, దిగువ వాల్వును మెల్లగా మూసి నీటిని నిలిపినను, పీడనము అంతేయున్నచో ఈ తోపుడు ఇంచుమించు తగ్గదు. అందుచేతనే పాతిన గొట్టముల మలుపుకు వెలుపలివైపున కాంక్రీటు దిమ్మ కట్టుదురు. వేగమును మాత్రమే లెక్కించి దిమ్మను చిన్నది చేసినచో అతుకు ఊడి, ఊరికి చేరవలసిన నీరు పొలముపాలగును.