డిలీట్ లేదు, బ్రేక్ ఉంది

ఫస్టియర్ సెమినార్‌లో మాట రాక మధ్యలోనే స్టేజీ దిగిపోయాను. ఇప్పటికీ మైక్ చూస్తే ఆ నవ్వులే గుర్తొస్తాయి. "లైట్ తీస్కోరా" అంటారు ఫ్రెండ్స్. ఎలా?

2001లో మైకేల్ ఆండర్సన్, కాలిన్ గ్రీన్ కొందరికి జంట పదాలు నేర్పారు. ఒక పదం చూపించి, దాని జంటను మనసులోకి రానివ్వొద్దన్నారు. పదేపదే అలా ఆపిన పదాలు తర్వాత అడిగితే తక్కువగా గుర్తొచ్చాయి. 2004లో స్కాన్ చేస్తే, ఆపేటప్పుడు నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పని పెరిగింది, జ్ఞాపకాలను పైకి తెచ్చే హిప్పోకాంపస్ పని తగ్గింది. అంటే డిలీట్ కాదు, బ్రేక్.

అది అందరికీ ఒకేలా పడదు. హిప్పోకాంపస్‌లో గాబా అనే రసాయనం ఎక్కువున్నవాళ్లు బాగా ఆపగలిగారని 2017లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. కాబట్టి మర్చిపోలేకపోవడం చేతకానితనం కాదు.

శుక్రవారం మళ్లీ సెమినార్. మైక్ వైపే చూస్తాను. నవ్వులు గుర్తురాబోతే బ్రేక్ తొక్కుతాను.