పిల్లవాని కోపమునకు విభావ మేది?

విభావానుభావములకు గల భేదమును బోధింపని తెలుగు ఉపన్యాసకుడు ఉండడు. భావమునకు కారణమైనది విభావము. లోపల కలిగిన ఆ భావమును బయటికి తెలుపు చేష్ట అనుభావము. కన్నులు ఎఱ్ఱవారుట, పెదవి కొఱుకుట, చేతిలోని వస్తువును విసరివేయుట మున్నగునవి అనుభావములు. వానిని చూచినంతమాత్రమున అంతయు తెలిసినదని యనుకొనరాదనియు, వెనుకనున్న విభావమును వెదకవలెననియు విద్యార్థులకు చెప్పుదుము. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చును. వారు చక్కగా వ్రాయుదురు. మనము మార్కులు వేయుదుము. పాఠము అంతటితో ముగియును.

ఎం.ఏ. పరీక్షలో ఈ ప్రశ్నకు నేనును చక్కగానే వ్రాసితిని. ఆ తరువాత కొలది కాలమునకే, ఇప్పటికి ముప్పది యేండ్ల క్రిందట, ఒక ఉన్నతపాఠశాలలో ఎనిమిదవ తరగతికి తెలుగు చెప్పుచుంటిని. ఆ తరగతిలో ఒక బాలుడు తక్కిన దినములలో నోట మాట లేనివాడు. సోమవారము వచ్చెనా, ప్రక్కవాని నోటుపుస్తకము చింపివేయుటయో, ఎవనితోనైన కలియబడుటయో తప్పకుండెను. అది సోమవారముననే జరుగుచున్నదను సంగతిని నేను గమనింపనైనను లేదు. నేను చేసిన చికిత్స బెత్తము. బెత్తమునకు లొంగనందున తరగతి వెలుపల మోకాళ్ళపై నిలుపుట. ఒకనాడు వాడు నా బెత్తమునే విఱిచి కిటికీలోనుండి పాఱవైచి, సంచి తీసికొని వెడలిపోయెను. మఱల బడికి రాలేదు.

నెల దినముల తరువాత వాని అమ్మమ్మ బదిలీపత్రము కొఱకు వచ్చినది. వాని తండ్రి గల్ఫునకు పోయి రెండేండ్లయినదట. ఆదివారము సాయంకాలము ఊరిలోని ఎస్.టి.డి. బూత్‌నకు ఫోను చేయుట వాడుకయట. ఆ యేడు ఆ ఫోను ఒక వారము వచ్చుటయు, రెండు వారములు రాకపోవుటయుగా నుండెనట. రాని వారము పిల్లవాడు చీకటిపడువఱకు ఆ బూత్ అఱుగుమీదనే కూర్చుండి, ఇంటికి వచ్చి అన్నము తినక పండుకొనెడివాడట. ఇదంతయు చెప్పి ఆమె నా ముఖము చూచి, "మీతో చెప్పలేదా బాబూ వాడు?" అని యడిగినది.

వాడు చెప్పలేదు. నేను అడుగలేదు.

పిల్లవానిని ఇట్లు అడుగుటకును, వాడు చెప్పునంతవఱకు వేచియుండుటకును శాస్త్రమర్యాద నొకదానిని ఏర్పఱచిన విద్యకే నేడు కౌన్సెలింగు అని పేరు. తెలుగునాట ఈ మాటకు పట్టిన దుర్గతి ఇంతింత కాదు. ఇంజనీరింగు సీట్ల పంపకమును కౌన్సెలింగు అనుచున్నారు. పోలీసుస్టేషనునకు పిలిపించి గదమాయించి పంపుటను కౌన్సెలింగు ఇచ్చుట యనుచున్నారు. ఈ వార్తలు చదువు ఉపాధ్యాయుడు అల్లరిపిల్లవానిని గదిలోనికి పిలిచి అరగంటసేపు నీతిబోధ చేసి, "కౌన్సెలింగు ఇచ్చితిని" అని తృప్తిపడుటలో వింత యేమున్నది? కాని ఈ పనిలో పెద్దవాని నోటికన్న చెవికి శ్రమ యెక్కువ. దీని స్వరూపమును తెలిసికొనుటకు నాకు మిక్కిలి ఉపకరించిన కథ యొకటి లండనునగరమునందు జరిగినది.

పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో డొనాల్డ్ విన్నికాట్ (1896–1971) అను వైద్యుడు దాదాపు నలువది యేండ్లు పనిచేసెను. ఆయన పిల్లల రోగములకు మందిచ్చు వైద్యుడుగా ఆరంభించి, మనోవిశ్లేషణమునుగూడ అభ్యసించినవాడు. 1955లో ఏడేండ్ల బాలుని ఒకనిని తల్లిదండ్రులు ఆయనయొద్దకు తీసికొనివచ్చిరి. ఆ పిల్లవాడు ఐదేండ్లు నిండకమునుపే మూడుమాఱులు తల్లికి దూరమైనవాడు: చెల్లెలు పుట్టినప్పుడు, తల్లికి శస్త్రచికిత్స జరిగినప్పుడు, ఆమె మనోవ్యాధితో రెండు నెలలు ఆసుపత్రిలో నున్నప్పుడు.

విన్నికాట్ వానిని ప్రశ్నలతో వేధింపలేదు. ఒక కాగితముపై వంకరగీత యొకటి గీసి, దానిని నీ యిష్టము వచ్చిన బొమ్మగా మార్చుమని యిచ్చెను. తరువాత పిల్లవాడు గీత గీయవలెను, వైద్యుడు బొమ్మ చేయవలెను. ఇది ఆయనకు అలవాటైన ఆట. ఆ బాలుని చేతిలో గీతలలో పెక్కు త్రాళ్ళుగానే మాఱినవి. పశువులను పట్టు ఉచ్చుత్రాడు, కొరడా, యోయో దారము, ముడి. ఆట ముగిసినపిమ్మట తల్లిదండ్రులను విచారింపగా, ఇంటిలోను వాడు కుర్చీలను బల్లలకు కట్టుచుండుననియు, దిండును తెచ్చి నిప్పుగూటికి కట్టెననియు, కొలది దినముల క్రిందట చెల్లెలి మెడకే త్రాడు చుట్టెననియు చెప్పిరి. ఈ కడపటి మాట వినగానే మనవంటివారము చేయునది యేమి? త్రాళ్ళన్నియు దాచివేయుదుము, వీపుపై నాలుగు అంటింతుము.

విన్నికాట్ తల్లితో చెప్పినది వేఱు. దూరమైపోవుదువను భయముతో పిల్లవాడు త్రాటితో అన్నిటిని కలిపి కట్టుకొనుచున్నాడనియు, దూరముననున్న స్నేహితునితో టెలిఫోనులో మాటలాడి ఎడబాటును లేదనిపించుకొనుట వంటిదే యిదియు ననియు చెప్పెను. అనువైన సమయము చూచి వానితో ఎడబాటును గుఱించి మాటలాడుమని సలహా యిచ్చెను. ఇది వట్టి వెఱ్ఱిమాట యని ఆమెకు తోచినదట. అయినను ప్రయత్నించినది. పిల్లవాడు ఆ మాటకొఱకే వేచియున్నట్లు ఆతురతతో మాటలాడినాడు. త్రాళ్ళ ఆట ఆగిపోయినది. తల్లి మఱల ఆసుపత్రికి పోవలసివచ్చినప్పుడు ఆట మఱల తలయెత్తినది; ఆమె మఱల మాటలాడినది; మఱల ఆగినది. ఆమెయే తరువాత ఒక సూక్ష్మమును కనిపెట్టినది. తాను ఆసుపత్రికి పోయిన ఎడబాటుకన్న, ఇంటిలో కుమారుని కన్నులయెదుటనే యుండియు దిగులులో మునిగి వానిని పట్టించుకొనని దినముల యెడబాటే వానిని ఎక్కువ బాధించినదని.

విన్నికాట్ ఈ వృత్తాంతమును 1960లో ప్రకటించెను. 1969లో దానికి అనుబంధమును చేర్చి, ఆ బాలుని వ్యాధి పూర్తిగా నయము కాలేదని ఒప్పుకొనెను. ఈ ఒప్పుకోలు చదివిననాడు ఆ వైద్యునిపై నా గౌరవము ఇనుమడించినది. కౌన్సెలింగు మంత్రము కాదు. వారమునకు ఒక గంట పిల్లవానితో గడపినంతమాత్రమున తక్కిన గంటలన్నిటిలో ఇంటిలో జరుగునది మాఱదు. అందుచేతనే మంచి కౌన్సెలరు తల్లిదండ్రులను పిలువక పిల్లవానిని ఒక్కనినే బాగుచేసెదనని చెప్పడు.

మాటయే అక్కఱలేని మార్గములును కలవు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను విదుషి పీటర్ అను పేరుతో ప్రసిద్ధుడైన మూడేండ్ల లోపు బాలుని భయమును పోగొట్టిన తీరు ఇట్టిది. కుందేలును చూచిన వానికి హడలు. ఉన్నిని, దూదిని చూచినను జంకు. వాడు ఇష్టమైనది తినుచుండగా బోనులోని కుందేలును దూరముగా నిలిపి, రోజురోజునకు కొంచెము దగ్గఱకు జరిపిరి. నడుమ వాడు జబ్బుపడి, ఒక కుక్కను చూచి బెదరి, సంపాదించిన ధైర్యమంతయు పోగొట్టుకొనెను. మొదటినుండి ఆరంభించిరి. తుదకు కుందేలు తన వ్రేళ్ళను కొఱుకుచున్నను ఊరకుండెను. తొందరపడినచో కుందేలు భయము పోవుటకు మాఱుగా తిండియన్ననే భయము పట్టవచ్చునని ఆమె హెచ్చరించినది. లెక్కలకు భయపడు పిల్లలను నల్లబల్లయొద్దకు ఈడ్చుకొనిపోవు ఉపాధ్యాయులు ఈ హెచ్చరికను గోడపై వ్రాసికొనదగును.

పాఠశాలలలో కౌన్సెలర్లు నేడు చేయునది ఈ రెండు మార్గముల కలయికయే. "ఎందుకు చేసితివి?" అను ప్రశ్నకు చిన్నపిల్లవాని యొద్ద సమాధాన ముండదు, కావున ఆ ప్రశ్నను వదలి బొమ్మలు, మట్టి, ఇసుక ఇత్తురు. కోపము వచ్చుటకు ముందు దేహమునందు ఏమగునో, చెవులు వేడెక్కునో, పిడికిలి బిగియునో గుర్తింపుమందురు. ఆ గుర్తు కనబడగానే ఊపిరి మెల్లగా విడుచుట, అచటినుండి తొలగి నీళ్ళు త్రాగివచ్చుట వంటివానిని, కోపము లేని సమయముననే అభ్యసింపజేయుదురు. అన్నిటికంటె ముందుగా, ఆ కలిగిన భావమునకు పేరు పెట్టుట నేర్పుదురు. పేరు తెలియని భావము చేతులలోనికి, కాళ్ళలోనికి దిగును.

ఇచ్చట తెలుగు ఉపాధ్యాయునకు పని కలదని నా అభిప్రాయము. భరతముని సంచారిభావములను ముప్పదిమూడింటిని లెక్కించెను. అందు అమర్షము కలదు. అవమానమును సహింపలేని ఉడుకు. అవహిత్థము కలదు, లోని భావమును కనబడనీయక ముఖమును మఱొక విధముగా పెట్టుకొనుట. శిక్ష పడినప్పుడు నవ్వు పిల్లవానిని "సిగ్గులేదా" అని మఱల కొట్టుదుము. అది అవహిత్థమని ఎఱుగము. శాస్త్రము వఱకు పోనక్కఱలేదు. ఇంటి తెలుగులో బెంగ వేఱు, దిగులు వేఱు, గుబులు వేఱు. అలుక వేఱు, ఉక్రోషము వేఱు. చిన్నబోవుట, నొచ్చుకొనుట, బిక్కమొగము వేయుట, ఉడుకుమోత్తనము – ఒక్కొక్కటియు ఒక్కొక్క విభావమును తన కడుపులో దాచుకొన్న మాట. అలుకలో తన్ను ఎవరైన బ్రతిమాలుదురను ఆశ యున్నది. ఉక్రోషములో ఓటమి యున్నది. బెంగలో ఒక మనిషి యున్నాడు. నేటి పిల్లలకు వీనియన్నిటికి మాఱుగా "యాంగ్రీ", "శాడ్", "బోర్" అను మూడే మాటలు మిగిలినవి. ఆ మూడింటితో ఆదివారపు ఫోను రాని బాధను ఏ పిల్లవాడు చెప్పగలడు?

ఉపాధ్యాయుల ఆక్షేపణ నాకు తెలియును. తరగతిలో ఏబదిమంది, పీరియడు నలువదియైదు నిమిషములు, పాఠ్యప్రణాళిక మెడపై కత్తి. ఇందులో ఎవరి విభావమును వెదకుదుము? 2009 నాటి విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, పిల్లలను కొట్టుటను, మానసికముగ వేధించుటను నిషేధించినది. బెత్తము పోయినది, మంచిదే. దాని స్థానమున ఏమి చేయవలెనో చేర్పువారు మాత్రము అన్ని బడులకు రాలేదు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను పిల్లవాని ప్రవర్తన ఏ వారమున, ఏ గంటలో, ఎవరి ప్రక్కన చెడుచున్నదో ఒక చీటీపై నెల దినములు గుర్తుపెట్టుకొనుటకు శిక్షణము అక్కఱలేదు. నా విషయమున ఆ చీటీ చాలియుండెడిది.

కోపమును అర్థము చేసికొనుట యనగా కొట్టుటను సహించుట యని యెవరును భ్రమపడరాదు. భావముల నన్నిటిని అంగీకరింపవచ్చును, చేష్టల నన్నిటిని అంగీకరింపనక్కఱలేదను వివేకమును హైమ్ గినాట్ అను మనస్తత్త్వవేత్త 1965లోనే తల్లిదండ్రులకు బోధించెను. చెల్లెలి మెడకు చుట్టిన త్రాటిని ముందు విప్పవలెను. పిమ్మటనే కాగితము, పెన్సిలు. పిల్లవాడు చెప్పుకొన్నదానిని సిబ్బంది గదిలో కాఫీతోపాటు పంచుకొనరాదు. కాని ప్రాణాపాయమును, ఎవరైన హింసించుచున్న సంగతిని దాచరాదు. అట్టివి, దీర్ఘకాలము వదలని దిగులు, తన్ను తాను గాయపఱచుకొనుట వంటివి ఉపాధ్యాయుని శక్తికి మించినవి, వైద్యునియొద్దకు పంపవలసినవి. 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్య కలదు. ఆపదలోనున్న పిల్లల కొఱకు 1098 కలదు. రెండును నల్లబల్ల ప్రక్కన వ్రాసియుంచదగినవి.

గడచిన సంవత్సరము ఒక పాఠశాలవారు పిలువగా ఏడవ తరగతి పిల్లలతో ఒక గంట గడపితిని. మనస్సులో కలుగు వానికి తెలుగులో ఎన్ని మాటలు తెలియునో వ్రాయుడంటిని. మొదట కోపము, సంతోషము, భయము అని వ్రాసి ఆగిరి. ఇంటిలో అమ్మమ్మలు, నాయనమ్మలు అను మాటలనుగూడ వ్రాయవచ్చునని చెప్పగా మఱల కలములు కదలినవి. కడపటి వరుసలో ఒక బాలుడు కాగితమునకు చేయి అడ్డముపెట్టుకొని వ్రాయుచుండెను. నేను ప్రక్కకు పోయినప్పుడు మెల్లగా, "సార్, బెంగ అని మగపిల్లలు కూడా రాయొచ్చా?" అని యడిగెను.

వ్రాయవచ్చునంటిని. ఎవరిమీద బెంగ యని అడిగి, వాని ప్రక్కన బల్లమీద కూర్చుంటిని.