కారుకు కొత్త చక్రం సరే... బోల్టులు కుదిరాయా?

నెల్లూరు: ఎడ్లబండి ఇరుసు చివర సీల ఊడితే ఏమవుతుందో మైపాడు, విడవలూరు, అల్లూరు వైపు పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కారుకు ఆ సీల పని చేసేవి చక్రం నడుమ ఉండే నాలుగైదు బోల్టులే. వాటి కొలతకు సరిపోని చక్రాన్ని, మధ్యలో ఒక లోహపు బిళ్ల పెట్టి తగిలించడాన్ని 'అడాప్టరు వెయ్యడం' అంటారు. పాత కారు కొని దానికి వెడల్పాటి అల్లాయ్ చక్రాలు వేయించాలని ముచ్చటపడేవారు ముందుగా కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

కొలత ఎలా?

బోల్టుల నడిమధ్యలను కలుపుతూ గుండ్రంగా గీత గీస్తే, ఆ వలయం అడ్డు కొలతనే మెకానిక్కులు పి.సి.డి. అంటారు. పాత శాంత్రోకు 4 బోల్టులు, 100 మిల్లీమీటర్లు. ఇన్నోవాకు 5 బోల్టులు, 114.3. జిప్సీకీ, పాత విల్లీస్ జీపుకూ 5 బోల్టులు, 139.7. ఈ అంకెలు చూసి తికమకపడనక్కరలేదు. అవి నాలుగున్నర, అయిదున్నర అంగుళాలే.

నాలుగు రంధ్రాల చక్రానికి ఎదురెదురు రంధ్రాల మధ్య కొలిస్తే చాలు. అయిదు ఉంటే సరిగ్గా ఎదురుగా రంధ్రం రాదు కనుక, పక్కపక్క రంధ్రాల నడిమధ్యల దూరాన్ని 1.7తో హెచ్చవేయాలి.

రెండు మిల్లీమీటర్లే కదా అని...

ఇప్పుడు తయారీలో లేని ఫియట్ పుంటో, లీనియా కార్లకు ఈ కొలత 98. బజారులో సులువుగా దొరికే చక్రాలది 100. తేడా రెండు మిల్లీమీటర్లే కదా అని బలవంతాన బిగిస్తే బోల్టు ఎక్కుతుంది కాని వంకరగా కూర్చుంటుంది. అలాంటి బోల్టు సడలవచ్చు, విరగనూవచ్చు.

అడాప్టరు ఈ వంకరను తప్పిస్తుంది. ఒక వరుస రంధ్రాలతో అది హబ్బుకు బిగుస్తుంది. రెండో వరుసలో కొత్త కొలతకు తగిన స్టడ్లు ఉంటాయి. అయితే దాని మందం సాధారణంగా 20, 25 మిల్లీమీటర్లు ఉంటుంది. చక్రం అంతమేరా బయటికి జరుగుతుంది. బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు తీరు మారుతుంది, టైరు మడ్గార్డుకు రాసుకోవచ్చు. అన్నిటికీ మించి ఒక బిగింపు ఉండవలసిన చోట రెండు వస్తాయి. లోపలి నట్టు సడలిందో లేదో చక్రం విప్పితే గాని కనపడదు.

ఉప్పు గాలి దెబ్బ

అడాప్టర్లు ఎక్కువగా అల్యూమినియంవి, హబ్బు ఇనుముది. ఈ రెండింటి నడుమ ఉప్పు తడి చేరితే అల్యూమినియం తెల్లని పొడిగా తినిపోతుంది. బిగువు తగ్గుతుంది, లేదా సుత్తితో కొట్టినా రానంతగా పట్టేస్తుంది. సముద్రపు ఇసుకలో, రొయ్యల గుంటల కట్టల మీద, కృష్ణపట్నం రేవు దారుల్లో తిరిగే కార్లకు ఈ బెడద ఎక్కువ.

స్టెప్నీ సంగతి కూడా మరువరాదు. అది పాత కొలతదే అయితే అడాప్టరు మీద కూర్చోదు. రాత్రివేళ దారిలో పంక్చరయితే ముందు అడాప్టరును విప్పుకోవాలి.

చట్టం మాట

తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

కనుక కారు కొలతకు సరిపోయే చక్రాన్నే వెదుక్కోవడం మేలు. ఇదివరకే అడాప్టరు ఉన్న కారు కొన్నవారు చక్రాలు విప్పించి లోపలి నట్లు చూడాలి. చక్రం నడిమి రంధ్రం సరిగ్గా కూర్చుందా, స్టడ్ల మరలు నట్లకు సరిపోయాయా, అడాప్టరుకు ఎక్కడైనా చీలిక ఉందా పరీక్షించాలి. బిగించాక 50, 100 కిలోమీటర్లు నడిపి మళ్లీ బిగువు చూపించుకోవాలి. హైవే మీద కారులో కొత్తగా వణుకు పుడితే ఇంటికి వెళ్లాక చూద్దామనుకోరాదు. అక్కడే పక్కకు తీసి ఆపాలి.